పాత ఫ్లాట్ అమ్మకం: ఉన్నదున్నట్టా, రంగులేసా, మొత్తం మార్చా? ఏది మేలు?

పన్నెండేళ్ళ నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మాలనుకోగానే ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. కొనేవాళ్ళు ఎలాగూ మార్చుకుంటారు, ఉన్నదున్నట్టు అమ్మేద్దాం అని ఒకరు. రంగులు వేయించి, నల్లాలు బాగుచేయించి చూపిద్దాం అని ఇంకొకరు. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ పెట్టిస్తే పది లక్షలు ఎక్కువ చెప్పొచ్చు అని మూడోవారు. ఈ మూడో మాట అనేది ఎక్కువగా కాంట్రాక్టరే.

లెక్కకు హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఉండే 1,150 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్‌ను తీసుకుందాం. మామూలు పరిస్థితుల్లో దీనికి రెండో దారే మేలు. కొనేవాళ్ళకు అనుమానం పుట్టించే చోట డబ్బు పెట్టాలి, వాళ్ళ ముచ్చట తీర్చే చోట పెట్టకూడదు. గోడమీద చెమ్మ మరక అనుమానం. కిచెన్ షట్టర్ల రంగు ముచ్చట.

మొత్తం మార్చితే డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది

ఇంటీరియర్ మీద ఎనిమిది లక్షలు పెట్టి, 70 లక్షల ఫ్లాట్‌ను 78కి చెప్పారనుకోండి. కొనేవాళ్ళు బ్యాంకుకు వెళ్తారు. బ్యాంకు పంపిన వాల్యుయర్ ఆ ఏరియాలో నడుస్తున్న ఎస్ఎఫ్‌టీ ధర, భవనం వయసు, అంతస్తు, అనుమతులు చూసి విలువ కడతాడు. ఫాల్స్ సీలింగులో వెలిగే లైట్లకు సాధారణంగా ఆయన లెక్కలో చోటుండదు. విలువ 70 దగ్గరే ఆగితే, 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి ఇంటి విలువలో 80 శాతం కాబట్టి లోను 56 లక్షలకు మించదు. కొనేవాళ్ళు చేతినుంచి పెట్టుకోవాల్సింది 14 కాదు, 22 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం, అదీ చేతి డబ్బే. ఇల్లు నచ్చినవాళ్ళు కూడా బేరం దగ్గర వెనక్కి పోయేది ఇక్కడే.

పైగా మీరు వేయించిన కిచెన్‌లో స్టవ్ తూర్పు ముఖంగా లేదనో, రంగు ముదురుగా ఉందనో వాళ్ళు తీసేయించవచ్చు. అప్పుడు మీ ఖర్చుకు తోడు పీకే ఖర్చు కూడా లెక్కలోకి వచ్చి, దాన్నీ ధరలో తగ్గించమంటారు.

మొత్తం మార్చడం సబబైన సందర్భం ఒకటి ఉంది. పాతికేళ్ళు దాటిన ఫ్లాట్‌లో గోడల్లోపలి జీఐ (జింకు పూత ఇనుప) పైపులు తుప్పు పట్టి, బాత్‌రూమ్ నీళ్ళు కింది ఇంటి స్లాబులోకి దిగుతుంటే టైల్స్ పీకి కొత్త పైపులు వేయక తప్పదు. అది రిపేరు కిందికే వస్తుంది, అలంకారం కాదు.

ఉన్నదున్నట్టు అమ్మితే

పాత ఇండిపెండెంట్ ఇల్లు గజాల లెక్కన పోతుంటే, కొన్నవాళ్ళు పడగొట్టి కట్టుకుంటారు. దానికి రంగు వేయించడం దండగ, ఊడ్చి తాళం ఇస్తే చాలు. మొత్తం భవనాన్ని బిల్డరుకు రీడెవలప్‌మెంట్‌కు ఇచ్చే మాట నడుస్తున్న అపార్ట్‌మెంట్‌లోనూ అంతే.

కాపురం ఉండటానికి కొనే ఫ్లాట్‌లో మాత్రం ఈ దారి ఖరీదైనది. చూసేవాళ్ళు రిపేరు ఖర్చును ఎప్పుడూ ఎక్కువగానే ఊహించుకుంటారు. 15 వేలతో పోయే బాత్‌రూమ్ చెమ్మకు లక్ష తగ్గించమని అడుగుతారు. వాళ్ళు లెక్క వేసుకునేది కనిపించే మరక ఒక్కదానికే కాదు, దాని వెనక ఇంకేముందో అన్న భయానికి కూడా.

చెమ్మ: లప్పం పెట్టి మూయొద్దు

మధ్య దారిలో అన్నిటికన్నా ముందు చేయాల్సిందీ, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇదే. మరక మీద లప్పం రాసి పైన పెయింట్ వేస్తే రెండు మూడు నెలల్లో, ఒక్కోసారి ఇల్లు చూపించే వారంలోనే పెచ్చులు లేస్తాయి. నీళ్ళు ఇటుకలోని, ప్లాస్టరులోని ఉప్పును కరిగించి పైకి తెస్తాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు లప్పం వెనక గడ్డకట్టి దాన్ని బయటికి నెడుతుంది. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసినా ఇదే కథ, పెచ్చుకు బదులు బుడగ వస్తుంది.

అందుకే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు పట్టుకోవాలి. మరక రాత్రీ పగలూ ఒకేలా తడిగా ఉంటే ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే నీటి పైపు లీకు. పై ఇంటివాళ్ళ స్నానాలయ్యాక ముదిరితే టైల్స్ జాయింట్లో, నేలమీది జాలీ కింద ఉండే నహానీ ట్రాపో. వానకు మాత్రమే వస్తే బయటి గోడ పగులో, కిటికీయో. బాత్‌రూమ్ మీద అనుమానముంటే ట్రాప్‌కు గుడ్డ కుక్కి, నేలమీద అంగుళం ఎత్తు నీళ్ళు నిలిపి 24 గంటలు చూడండి. పై ఇంట్లో చేయించాలంటే అసోసియేషన్ ద్వారా అడగండి, నేరుగా వెళ్తే మాటా మాటా పెరుగుతుంది.

కిటికీ సంగతి చాలామందికి తట్టదు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ కింది పట్టాకు బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి, వాన నీళ్ళు పోవడానికి. ఏళ్ళ తరబడి దుమ్ము, పావురాల చెత్త చేరి అవి మూసుకుపోతాయి. నీళ్ళు పట్టాలో నిండి లోపలికి పొర్లుతాయి, కిటికీ కింద గోడ జానెడు మేర ఉబ్బుతుంది. పాత టూత్‌బ్రష్, సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ రంధ్రాలు తెరవండి. ఫ్రేము చుట్టూ బయటివైపు పాత సిలికాన్ గీకి కొత్తది పెట్టండి. మేస్త్రీతో పని లేకుండానే అయిపోతుంది.

లీకు కట్టాక ఉబ్బిన ప్లాస్టరు గట్టి పొర తగిలేదాకా గీకి, రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలియాలంటే అడుగున్నర చదరపు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. గోడవైపు చెమట పడితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. బయటివైపు పడితే అది గదిలోని తేమ.

దాచడానికి చట్టమూ ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్ళకు తెలిసి, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి. బాగుచేయించిన లోపమైతే బిల్లు చూపించండి, ఇంటిని శ్రద్ధగా చూసుకున్నారని నమ్మకం కలుగుతుంది.

రంగు: మచ్చలకే వేయాలా, అంతటా వేయాలా

మచ్చలున్న చోట మాత్రమే వేస్తే చవకే, కానీ పనికిరాదు. అదే కంపెనీ, అదే షేడ్ నంబరు తెచ్చినా, పాత రంగు ఎండకు, దుమ్ముకు మారిపోయి ఉంటుంది కాబట్టి అతుకు తెలిసిపోతుంది. తప్పనిసరైతే ఆ గోడ మొత్తం, మూల నుంచి మూల దాకా వేయండి.

అంతటా వేస్తే ఎంతవుతుంది? 1,150 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్‌లో కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య వాడుకునే నేల, సుమారు 830 ఉంటుంది. గోడలు, సీలింగు కలిపి దానికి మూడు రెట్ల పైన, అంటే 2,700 చదరపు అడుగులనుకోండి. లీటరు ఎమల్షన్ పెయింట్ రెండు కోటింగులకు 100 నుంచి 140 అడుగుల దాకా వస్తుంది. 20 లీటర్ల బకెట్ ఒకటి, పైన నాలుగైదు లీటర్లు కావాలి. మచ్చలకు లప్పం, ప్రైమర్, కూలీ కలిపి అడుగుకు 15 నుంచి 18 రూపాయలు వేసుకుంటే 40 నుంచి 50 వేలు. మామూలు ఎమల్షన్ చాలు. ఉతకడానికి వీలయ్యే ఖరీదు రకం ఇక్కడ అక్కర్లేదు, ఎలాగూ వాళ్ళు మళ్ళీ వేయించుకుంటారు. సీలింగు తెల్లగా, గోడలు పాలమీగడ రంగులో ఉంటే చాలు. పాత ముదురు గోడ ఏదైనా ఉంటే దానికి మూడో కోటింగు లెక్క వేసుకోండి, లేకపోతే పాత రంగు తొంగి చూస్తుంది.

రంగు చివరి పని. ప్లంబరు, వడ్రంగి, ఎలక్ట్రీషియన్ అయ్యాకే పెయింటర్‌ను పిలవండి. రంగయ్యాక గోడకు గాడి కొడితే ఆ గోడ మళ్ళీ మొదటికి.

బాత్‌రూమ్, వంటిల్లు

బాత్‌రూమ్‌లో టైల్స్ మార్చడమా, జాయింట్లు నింపడమా అంటే, టైల్స్ పగలకపోతే జాయింట్లే. నల్లబడిన పాత గ్రౌట్‌ను కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపాలి. పైపైన వైట్ సిమెంట్ పూస్తే నెలలో రాలిపోతుంది. బోరు నీళ్ళ ఉప్పు మరకలకు యాసిడ్ పోస్తుంటారు. అది మరకతోపాటు సిమెంట్ జాయింట్లనూ, నల్లాల మెరుగునూ తినేస్తుంది. నల్లాలకు గుడ్డను వెనిగర్‌లో తడిపి అరగంట చుట్టి ఉంచితే చాలు. యాసిడ్ వాడక తప్పకపోతే బ్లీచింగ్‌తో కలవనివ్వొద్దు, విషవాయువు వస్తుంది. కారే నల్లా, ఆగకుండా పారే ఫ్లష్ ట్యాంక్, అడుగున కుళ్ళిన తలుపు, ఈ మూడూ కొనేవాళ్ళ కంట్లో మొదట పడతాయి. తలుపుకు డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) లేదా పీవీసీది పెట్టించండి, మళ్ళీ నానదు.

వంటింట్లో కొత్త మాడ్యులర్‌కు ఒకటిన్నర లక్ష పైమాటే. ఉన్న గ్రానైట్ గట్టు బాగుంటే దాన్ని ముట్టుకోవద్దు. సింకు కింది బాక్సు అడుగు మాత్రం చూడండి. పార్టికల్ బోర్డయితే (చెక్కపొట్టు అదిమి చేసే పలక) చాలావరకు ఉబ్బి ఉంటుంది. ఆ ఒక్క అడుగు తీయించి నీళ్ళకు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్ వేయించి, వదులైన కీళ్ళు మార్పిస్తే కొన్ని వేలతో పోతుంది. చిమ్నీ ఫిల్టరు కడగండి, జిడ్డు వాసన అక్కణ్ణుంచే వస్తుంది.

ఇదంతా కలిపి, డీప్ క్లీనింగ్‌తో సహా, 80 వేల నుంచి లక్ష మధ్య తేలుతుంది. మొదటి దారిలో ఒక్క మరకకు అడిగే తగ్గింపు కూడా దాదాపు ఇంతే.

ఖాళీగా చూపించాలా, సామానుతోనా, కిరాయిదార్లు ఉండగానా

ఖాళీ ఇల్లు శుభ్రంగా కనిపిస్తుంది, ఎప్పుడడిగినా చూపించవచ్చు. కానీ పది బై పదకొండు గదిలో డబుల్ కాట్ పడుతుందా అని చూసేవాళ్ళకు అర్థం కాదు. గోడమీద ప్రతి మేకు బెజ్జమూ కనిపిస్తుంది. సామానుతో ఉంటే కాపురం ఉన్న కళ ఉంటుంది, కానీ అటక నిండా అట్టపెట్టెలు, బాల్కనీలో విరిగిన బకెట్లు ఉంటే ఇంట్లో చోటు లేదనే అనిపిస్తుంది. సామాను సగం తగ్గించి చూపించడం ఈ రెండింటికన్నా మేలు. హాల్లో చిన్న సోఫా, ఒక గదిలో మంచం, పూజగది యథాతథంగా. ఈశాన్యం మూల చెప్పుల స్టాండు ఉంటే జరపండి. వాస్తు చూసేవాళ్ళతో వాదన అనవసరం.

అమెరికాలో ఉండి ఇక్కడి ఫ్లాట్ తాళం వేసి ఉంచినవాళ్ళకు ఒక మాట. మూసిన ఇంట్లో కొన్ని వారాల్లోనే నహానీ ట్రాప్‌లో నిలిచే రెండంగుళాల నీరు ఆవిరైపోతుంది. డ్రైనేజీ వాసననూ, బొద్దింకలనూ ఆపేది ఆ నీళ్ళే. తలుపు తీయగానే వచ్చే కంపు అదే, ఇంటి లోపం కాదు. తాళం చెవి ఉన్నవాళ్ళను వారానికోసారి వచ్చి ప్రతి జాలీలో చెంబెడు నీళ్ళు, కమోడ్‌లో ఒక ఫ్లష్ పోయమనండి. ఎక్కువ రోజులు కుదరకపోతే నీళ్ళ మీద చెంచాడు కొబ్బరినూనె వేయిస్తే ఆవిరి నెమ్మదిస్తుంది. రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టొద్దు. ఘాటైన వాసన తగిలితే ఏదో దాస్తున్నారనుకుంటారు.

కిరాయిదార్లు ఉండగా చూపించడం అన్నిటికన్నా కష్టం. వాళ్ళకు ఇల్లు చక్కగా ఉంచాల్సిన అవసరం లేదు, ఖాళీ చేస్తారా అన్న అనుమానం కొనేవాళ్ళను వదలదు. నెల కిరాయి పోయినా ఖాళీ అయ్యాక చూపించడమే నయం.

ఫోటోలు పగలు, కర్టెన్లు తీసి, లైట్లన్నీ వేసి, ఫోను అడ్డంగా పట్టుకుని తీయండి. 0.5 వైడ్‌లో తీస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది, వచ్చి చూసినవాళ్ళకు నిరాశే మిగులుతుంది. బల్బులు ఒక గదిలో తెలుపూ పసుపూ కలవకుండా చూసుకోండి.

ఆషాఢంలోనూ, మూఢంలోనూ బయానాలు తక్కువే కాబట్టి లోపలి పనులు అప్పుడు పెట్టుకోవచ్చు. మీది చివరి అంతస్తయితే టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ మాత్రం ఎండాకాలంలోనే అయిపోవాలి, తడి స్లాబుకు ఏ మందూ అంటుకోదు.

చూపించే ముందే ఏది ఇస్తారో, ఏది తీసుకెళ్తారో తేల్చుకోండి. హాల్లోని షాండ్లియర్ మీద మమకారం ఉంటే ముందే విప్పి మామూలు లైటు పెట్టండి, చూశాక తీస్తే గొడవ. ఫ్యాన్లు ఎన్ని, గీజర్లు ఎన్ని, ఏసీ, చిమ్నీ, కర్టెన్ రాడ్లు, ఇన్వర్టర్ ఉంటాయా లేదా అన్నది అగ్రిమెంటులో సంఖ్యతో సహా రాయించండి.