గ్రాంట్ ఆత్మకథ: ఏళ్ళ తరబడి దగ్గర పెట్టుకుని చదివాక

అమెరికా అంతర్యుద్ధం గురించి ఎక్కడ మొదలుపెట్టి చదవాలని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది ఒకే పుస్తకం. ఆ యుద్ధంలో ఉత్తరాది సైన్యాలను గెలిపించి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జనరల్ యులిసిస్ ఎస్. గ్రాంట్ రాసుకున్న 'పర్సనల్ మెమోయిర్స్'. రెండు సంపుటాలు, 70 అధ్యాయాలు. మొదట ఫోన్‌లో ఉచిత ఈబుక్‌గా చదివాను, తర్వాత అచ్చు పుస్తకం కొన్నాను, కారులో ఆడియో కూడా విన్నాను. ఏళ్ళు గడిచినా బీరువాలోకి వెళ్ళని పుస్తకం ఇది.

అసలు ఇది ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు తెలుసుకోవాలి. 1884 మే నెలలో 'గ్రాంట్ అండ్ వార్డ్' అనే వాల్ స్ట్రీట్ సంస్థ దివాలా తీసింది. గ్రాంట్ రెండో కొడుకు బక్ అందులో భాగస్వామి. తండ్రి కూడా ఉన్న డబ్బంతా అందులోనే పెట్టాడు. ఫెర్డినాండ్ వార్డ్ చేసిన మోసానికి కుటుంబం మొత్తం ఒక్క వారంలో రోడ్డున పడింది. పైగా వార్డ్ మాట నమ్మి కోటీశ్వరుడు విలియం వాండర్‌బిల్ట్ దగ్గర తెచ్చిన 1,50,000 డాలర్ల అప్పు నెత్తిన మిగిలింది. అదే ఏడాది గొంతులో క్యాన్సర్ బయటపడింది. మాజీ అధ్యక్షులకు అప్పట్లో పెన్షన్ లేదు. తను పోయాక భార్య జూలియా ఎలా బతుకుతుందన్న దిగులుతోనే ఆయన కలం పట్టాడు. ప్రచురణ బాధ్యత మార్క్ ట్వేన్ సంస్థ తీసుకుంది. చివర్లో గొంతు పెగలక, చెప్పాల్సింది చీటీల మీద రాసి చూపిస్తూ పని పూర్తి చేశాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, 1885 జులై 23న, కన్నుమూశాడు. ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి పుస్తకాన్ని అమ్మారు. జూలియాకు నాలుగు లక్షల డాలర్లకు పైగా రాయల్టీ వచ్చింది.

ఇదంతా తెలిశాక మొదటి అధ్యాయం చదివితే దాని బరువు అర్థమవుతుంది. చాలామంది ఆ పేజీలు దాటేసి నేరుగా యుద్ధంలోకి దూకుతారు. దయచేసి అలా చేయకండి. 1630లో మసాచుసెట్స్‌లోని డార్చెస్టర్‌లో దిగిన మాథ్యూ గ్రాంట్ దగ్గర మొదలుపెట్టి, తనది ఎనిమిదో తరమని లెక్క చెబుతాడు. ముత్తాత నోవా, ఆయన తమ్ముడు సాలమన్ ఇద్దరూ 1756లో ఫ్రెంచివాళ్ళతో జరిగిన యుద్ధంలో చనిపోయారు. తాత, ఆయన పేరు కూడా నోవాయే, ఒహాయోకు వలస వచ్చాడు. 1805లో నాయనమ్మ చనిపోవడంతో ఇల్లు చెదిరిపోయి పిల్లలు తలో చోటికి వెళ్ళారు. గ్రాంట్ తండ్రి జెస్సీ అలా పరాయి ఇళ్ళలో పెరిగి, తోళ్ళు పదును చేసే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన కొంతకాలం ఉన్నది ఎవరింట్లోననుకున్నారు? బానిసత్వం మీద తిరగబడి 1859లో ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ తండ్రి ఇంట్లో. ఇంత పెద్ద సంగతిని గ్రాంట్ నాలుగైదు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. నేను మాత్రం చదివిన ప్రతిసారీ అక్కడ ఆగిపోతాను.

తల్లి వైపు వంశం గురించి తెలిసింది తక్కువని ఆయనే ఒప్పుకుంటాడు. భార్య వైపు కథలో కొంత మాత్రమే చెబుతాడు. 1844లో పొంగిన గ్రావాయ్ వాగును గుర్రంతో ఈది, తడిసిన బట్టలతోనే జూలియా వాళ్ళ ఇంటికి చేరిన ఘట్టం ఎంతో బాగుంటుంది. కాబోయే బావమరిది బట్టలు అరువు తీసుకుని తొడుక్కుంటాడు. బయలుదేరాక వెనక్కి తిరగడం తనకు చిన్నప్పటి నుంచీ గిట్టదంటాడు. మిసిసిపీ నది ఒడ్డున దక్షిణాదివాళ్ళ పట్టణమైన విక్స్‌బర్గ్ ముట్టడి, ఆ తర్వాత వర్జీనియా దండయాత్ర చదివేటప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

సెయింట్ లూయిస్ దగ్గరున్న ఆ ఇంటి పేరు వైట్ హేవెన్. పేరులో తెలుపు ఉన్నా ఇల్లు ఆకుపచ్చగా ఉంటుంది. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ దాన్ని చూసుకుంటోంది. అటువైపు ఉండే తెలుగువాళ్ళు తప్పకుండా వెళ్ళి చూడండి. మామగారు ఫ్రెడరిక్ డెంట్ బానిసల కష్టం మీద నడిపిన ఎస్టేట్ అది. గ్రాంట్ తండ్రికి బానిసత్వం అంటే పడదు. 1848లో జరిగిన పెళ్ళికి గ్రాంట్ తల్లిదండ్రులు రాలేదు. సైన్యం వదిలేసి, బండిలో కట్టెలు వేసుకెళ్ళి ఊళ్ళో అమ్ముకునే రోజుల్లో గ్రాంట్ దగ్గర కూడా విలియం జోన్స్ అనే బానిస ఉన్నాడు. అమ్మితే మంచి డబ్బు వచ్చేది. డబ్బు అవసరం కూడా అప్పుడు గట్టిగానే ఉంది. అయినా 1859 మార్చిలో కోర్టు పత్రం రాయించి అతన్ని విడిపించాడు. కట్టెలు అమ్ముకున్న సంగతి పుస్తకంలో ఉంది. విలియం జోన్స్ సంగతి లేదు. తనకు మంచిపేరు తెచ్చే విషయాన్ని కూడా వదిలేసిన మనిషి గురించి ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

చెడ్డపేరు తెచ్చేవీ వదిలేశాడు. తన సైనిక పరిధి నుంచి యూదులందరూ వెళ్ళిపోవాలని 1862 డిసెంబరులో ఆయన ఇచ్చిన ఆర్డరును లింకన్ రద్దు చేయించాల్సి వచ్చింది. దాని గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. తాగుడు గురించి లేదు. ఎనిమిదేళ్ళ అధ్యక్ష పదవి గురించి దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఈ ఒక్క పుస్తకంతో గ్రాంట్ పూర్తిగా తెలుస్తాడని నేను చెప్పను. నా దృష్టిలో దీని పెద్ద లోపం ఇదే, ముఖ్యంగా ఆ యూదుల విషయం.

మరి ఇన్నేళ్ళు ఎందుకు వదల్లేదంటే, ఆ రాత వల్ల. ఆయన వాక్యం సైన్యానికి ఇచ్చే ఆర్డరులా ఉంటుంది, ఎవరికీ రెండో అర్థం తోచదు. 1861లో మిస్సోరీలో హారిస్ అనే కల్నల్ మీదికి వెళ్ళేటప్పుడు గుండె గొంతులోకి వచ్చిందని దాచకుండా రాస్తాడు. తీరా కొండెక్కి చూస్తే శత్రువు శిబిరం ఖాళీ. నేనెంత భయపడ్డానో అతనూ అంతే భయపడ్డాడని అప్పుడు తెలిసింది, ఆ తర్వాత మళ్ళీ అది మర్చిపోలేదు అంటాడు. ఉద్యోగంలో పెద్ద మీటింగులకు వెళ్ళే ముందు నేను తీసి చదువుకునే పేజీ అది. తను కుర్రవాడిగా పోరాడిన మెక్సికో యుద్ధాన్ని, బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన అన్యాయమని రాశాడు. వర్జీనియాలోని కోల్డ్ హార్బర్ యుద్ధంలో చివరి దాడి చేయించినందుకు ఎప్పటికీ బాధపడుతూనే ఉన్నానని రాశాడు.

ఇంటివాళ్ళు యుద్ధం మధ్యలో అక్కడక్కడా కనిపిస్తారు. విక్స్‌బర్గ్ దండయాత్రలో పన్నెండేళ్ళ పెద్ద కొడుకు ఫ్రెడ్ తండ్రి వెంటే ఉన్నాడు. వాడి వల్ల నాకు గానీ వాళ్ళమ్మకు గానీ దిగులు కలగలేదని రాస్తాడు. నేనూ తండ్రినే కాబట్టి ఆ వాళ్ళమ్మ విషయం నాకు నమ్మబుద్ధి కాదు. పెద్దయ్యాక ఆ ఫ్రెడ్డే ఈ పుస్తకం రాతలో తండ్రికి సాయంగా కూర్చున్నాడు.

కొనేవాళ్ళకి కొన్ని మాటలు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈబుక్ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, రుచి చూడటానికి అది చాలు. ఫోన్‌లో మాత్రం మ్యాపులు చూడటం కష్టం, మ్యాపు లేకపోతే ఏ నదికి ఎటువైపు ఎవరున్నారో అర్థం కాదు. డబ్బు పెట్టగలిగితే వివరణలు ఉన్న అచ్చు ప్రతి తీసుకోండి, వదిలేసిన విషయాలు కింద నోట్సులో దొరుకుతాయి. మొదటి సంపుటి విక్స్‌బర్గ్ లొంగిపోయిన కొద్దిసేపటికే ముగుస్తుంది, అంతవరకు హాయిగా సాగుతుంది. రెండో సంపుటిలో 1864 వర్జీనియా అధ్యాయాలు నిజంగానే భారంగా ఉంటాయి. అక్కడ ఆగిపోతే పుస్తకం మూసేయకుండా 67వ అధ్యాయానికి వెళ్ళండి. వర్జీనియాలోని అపొమాటాక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయిన రోజు అందులో ఉంది. అది చదివాక మిగతావి మీరే వెనక్కి వెళ్ళి చదువుతారు.