టెక్ 21 సాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ వీ2: యాంప్ ఉండని షోలకి నా ఓటు దీనికే

బెంగళూరులో షోలు చేసే కుర్రాళ్లు ఎవరైనా "అన్నా, కొత్త బేస్ గిటార్ కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్" అని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే, ఇప్పుడు నీ బేస్‌కీ మిక్సర్‌కీ మధ్యలో ఏముంది? చాలామంది దగ్గర ఏమీ ఉండదు. సౌండ్ వాళ్లు ఏ డీఐ డబ్బా (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చేది) చేతికిస్తే దాంట్లో కేబుల్ పెట్టేసి వాయించేస్తారు. అరవై వేల బేస్ మీద ఎంత ప్రేమ పెట్టినా చివరికి జనం చెవిన పడేది ఆ డబ్బాలోంచి వచ్చిన సౌండే కదా. అందుకే చెప్తున్నా, రెండో బేస్ కొనే ముందు ఒక మంచి ప్రీయాంప్ డీఐ (సౌండ్‌ని కూడా దిద్ది పంపే డీఐ) కొనండి, నన్నడిగితే ఈ సాన్స్‌యాంప్ కొనండి.

తెలియనివాళ్లకి కొంచెం వివరం. టెక్ 21 న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ, బేస్ డ్రైవర్ మొదటి వెర్షన్ 1992లో వచ్చింది. పెద్ద ట్యూబ్ యాంప్, దాని ముందు మైక్ పెడితే ఎలాంటి సౌండ్ వస్తుందో దానికి దగ్గర్లో ఉండేది అరచేయంత పెడల్ డబ్బాలోంచి నేరుగా మిక్సర్‌కి పంపిస్తుంది, అంతా అనలాగ్, స్క్రీన్ లేదు యాప్ లేదు ప్రీసెట్ల గోల లేదు. పాత దాంట్లో మిడ్ నాబ్ (మధ్య స్థాయి సౌండ్‌ని పెంచి తగ్గించేది) లేదు, పైగా డిజైన్‌లోనే మిడ్స్ కొంచెం లోతుకి పోయి ఉంటాయి, ఒంటరిగా వాయిస్తే మహా బాగుంటుంది కానీ ఇద్దరు గిటారిస్టులు, ఒక కీబోర్డు ఉన్న బ్యాండ్‌లో బేస్ మాయమైపోతుంది. వీ2లో ఆ లోటు తీర్చారు, మిడ్ నాబ్ ఇచ్చి దాన్ని 500 మీద పెట్టాలా 1000 హెర్ట్జ్ మీద పెట్టాలా అని చిన్న స్విచ్ ఇచ్చారు, కింది స్థాయి సౌండ్ చూసే బేస్ నాబ్‌కి కూడా 40, 80 అని అలాగే ఇంకో స్విచ్. ఈ రెండు స్విచ్‌ల కోసమైనా పాతది వదిలి వీ2 తీసుకోవచ్చు అంటాను.

ఇక్కడి పరిస్థితి మనందరికీ తెలిసిందే. కోరమంగల, ఇందిరానగర్, మారతహళ్లి వైపు పబ్‌లు సగం మూడో అంతస్తులో, నాలుగో అంతస్తులో ఉంటాయి, స్టేజ్ అంటే డ్రమ్ కిట్ పెట్టాక మిగిలిన మూల. ఆంపెగ్ కంపెనీ ఎనిమిది స్పీకర్ల బేస్ క్యాబినెట్ ఒక్కటే 63 కిలోలు, దాన్ని మెట్ల మీద మోసేదెవరు, మోసినా పెట్టేదెక్కడ. కాబట్టి పబ్‌లో బేస్ యాంప్ ఉండదు, ఉన్నా గిటార్ కాంబోనే (యాంప్, స్పీకర్ ఒకే డబ్బాలో ఉండేది) ఉంటుంది, దాంట్లో బేస్ పెడితే స్పీకర్ పాపం. పెళ్లి సంగీత్‌లూ, ఐటీ కంపెనీల యాన్యువల్ డేలూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఉగాది ప్రోగ్రాంలూ కూడా అంతే, సెటప్ వాళ్ల లిస్టులో కీబోర్డుకి స్టాండ్ ఉంటుంది, డ్రమ్స్‌కి మైకులు ఉంటాయి, బేస్‌కి ఎదురుగా "డైరెక్ట్" అని ఒక్క ముక్క ఉంటుంది. పైగా ఓపెన్ గ్రౌండ్ అయితే రాత్రి 10కి మైకులు ఆపేయాలి, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ తినేసినంత తిన్నాక సౌండ్‌చెక్‌కి మిగిలేది గట్టిగా ఒక పాట, ఆ పాటలో సింగర్ మైకు విజిల్ ఆపడంతోనే సరిపోతుంది, బేస్ సంగతి పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. అలాంటప్పుడు నీ సౌండ్ నీ చేతిలోనే తయారై మిక్సర్‌కి వెళ్లాలి, వాళ్లు ఫేడర్ పైకి లేపితే చాలు అన్నట్టు ఉండాలి.

డైరెక్ట్‌గా వాయించడం అంటే ఏదో తక్కువ పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకొక మాట. అమెరికన్ సోల్ కంపెనీ మోటౌన్ రికార్డుల్లో జేమ్స్ జేమర్సన్ వాయించిన ఆ బేస్ చాలావరకు యాంప్ ముందు మైక్ పెట్టి తీసింది కాదు, నేరుగా కన్సోల్‌కే వెళ్లింది. 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్, నునుపుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు, ఒక్క చూపుడు వేలు. సౌండ్ ముందు వేళ్లలో ఉండాలి, ఆ తర్వాత దాన్ని పాడుచెయ్యని డబ్బా ఒకటి ఉండాలి. పాసివ్ బేస్‌ని (లోపల బ్యాటరీ లేనిదాన్ని) ఏ డీఐ లేకుండా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టి చూడండి, పైన ఉండాల్సిన మెరుపంతా పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది, ఎందుకంటే పికప్‌కి (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేది) కావాల్సింది మెగా ఓమ్ లెవెల్ ఇన్‌పుట్, లైన్ ఇన్‌పుట్ ఇచ్చేది పదివేల ఓమ్‌లు. ఇది నా టేస్ట్ కాదు, కరెంటు లెక్క.

ఇప్పుడు అసలు విషయం, డ్రైవ్, అంటే సౌండ్‌ని కొంచెం గరుకు చేయడం. చాలామంది బేస్‌లో డ్రైవ్ అనగానే రాక్, మెటల్ అనుకుని తెలుగు పాటలకి ఎందుకు అంటారు. మన నాలుగో తీగ, లో ఈ, 41 హెర్ట్జ్. పబ్‌లో గోడకి వేలాడే స్పీకర్లు సబ్ (కింది స్వరాల కోసం ఉండే పెద్ద స్పీకర్) లేకుండా 50, 60 కిందకి వెళ్తే చేతులెత్తేస్తాయి. అంటే నువ్వు ఎంత గట్టిగా కొట్టినా ఆ అసలు స్వరం హాల్లోకి రాదు. కానీ దాని పైన 82, 123 దగ్గర ఉండే హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెండింతలు, మూడింతల్లో పలికే పై స్వరాలు) వినిపిస్తే మన బుర్ర కింద ఉన్న 41ని తనంతట తనే పూరించుకుంటుంది. కొంచెం డ్రైవ్ పెడితే ఈ హార్మోనిక్సే పెరుగుతాయి. గరగర అని వినపడేంత అవసరం లేదు, ఒంటరిగా వాయిస్తే కొంచెం మురికిగా ఉందే అనిపించేంత పెడితే బ్యాండ్ మొత్తంలో అది మురికిగా కాదు, లావుగా వినిపిస్తుంది. బేస్ వినపడట్లేదు అని బేస్ నాబ్ పెంచుకుంటూ పోయేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే, బేస్ నాబ్ వదిలెయ్, మిడ్, డ్రైవ్ చూడు.

నా సెట్టింగ్ చెప్తా, ఇది ప్రెసిషన్ టైప్ బేస్‌కి. బ్లెండ్ (బేస్ అసలు సౌండ్‌లో పెడల్ సౌండ్ ఎంత కలవాలో చెప్పేది) సగం కంటే కొంచెం ఎక్కువ, డ్రైవ్ గడియారంలో పది దగ్గర, ప్రెజెన్స్ (పైన ఉండే మెరుపు) తొమ్మిదిన్నర దాటనివ్వను, మిడ్ 500 మీద పెట్టి ఒంటిగంటకి, బేస్ స్విచ్ 80 మీద పెట్టి నాబ్ నిటారుగా, ట్రెబుల్ పదకొండు. సబ్‌లున్న పెద్ద స్టేజ్ అయితే బేస్ స్విచ్ 40కి మారుస్తా, పబ్‌లో మాత్రం ఎప్పుడూ 80నే.

పాటని బట్టి మారుస్తా కూడా. తెలుగు నైట్ అంటే ఒకే సెట్‌లో ఇళయరాజా ఉంటారు, రెహమాన్ ఉంటారు, దేవిశ్రీ ఉంటారు, చివర్లో తీన్‌మార్ తప్పదు. తీన్‌మార్‌లో కింద అంతా కిక్కు, ప్యాడ్ శాంపిళ్లు నిండిపోయి ఉంటాయి, అక్కడ బేస్ కూడా కిందే కూర్చుంటే అంతా కలిసి ముద్ద. అక్కడ మిడ్ పెంచి కిక్‌కి కొంచెం పైన నిలబడాలి. ఇళయరాజా పాట అలా కాదు, ఆయన దగ్గర బేస్ అంటే ఇంకో గొంతు, పల్లవి పాడేవాళ్లు ఒకటి పాడుతుంటే కింద బేస్ తన పాట తను పాడుకుంటూ ఉంటుంది, ఒక్క స్వరం మింగినా పాట కుంటుతుంది. అక్కడ బ్లెండ్ తగ్గించి తీగ సౌండ్ శుభ్రంగా రానిస్తా. కీత్ పీటర్స్ లాంటి చెన్నై బేస్ ప్లేయర్లు స్టూడియోల్లో వాయించింది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తెలుస్తుంది బేస్ ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ ఊరుకోవాలి అనేది. మనం పబ్‌లో అదే లైన్ వాయిస్తూ కిందంతా బురద చేస్తే ఆ పాటకి అన్యాయం, నాకు అది నిజంగా బాధగా ఉంటుంది.

హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే మోత, దాని సంగతి ఒకటి చెప్పాలి. మారతహళ్లి వైపు ఒక పబ్‌లో (పేరొద్దు) మిక్సర్ బార్ కౌంటర్ వెనక ఉంటుంది, ఫ్రిజ్‌లు, లైట్ల డిమ్మర్లు, మిక్సర్ అన్నీ ఒకే లైన్ మీద. కేబుల్ పెట్టగానే గుయ్ మని మొదలైంది. సౌండ్ చూసే అబ్బాయిది హిందూపురం, "ఏన్నా, ఒగటే మోతొస్తాంది, నీ గిటార్దేనా?" అన్నాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, నాలుగో తీగ మూడో ఫ్రెట్ జీ స్వరం 49, అంటే జీ స్కేల్ పాట వచ్చిందంటే నీ స్వరమూ హమ్మూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఊగుతుంటాయి, వినలేం. "చానల్ మ్యూట్ చెయ్ తమ్ముడూ, ఫాంటమ్ తీసెయ్" అని చెప్పి పెడల్ మీద ఫాంటమ్, గ్రౌండ్ కనెక్ట్ అని ఉండే చిన్న స్విచ్ మార్చేశా, అన్‌మ్యూట్ చేస్తే నిశ్శబ్దం. "యాడికి పాయన్నా అది?" అని వాడు కౌంటర్ మీంచి వంగి డబ్బా చూశాడు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్ట్‌ల ఫాంటమ్ కరెంటు తిరిగి వెళ్లేది ఆ గ్రౌండ్ మీదుగానే, గ్రౌండ్ తీసేస్తే ఫాంటమ్ కూడా పోతుంది, కాబట్టి లోపల 9 వోల్ట్ బ్యాటరీ తప్పకుండా ఉండాలి. షో అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకెయ్యండి, కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ తింటూనే ఉంటుంది. ఇంకోటి, ఫాంటమ్ ఆన్ ఆఫ్ చేసేముందు చానల్ మ్యూట్ చేయించండి, లేకపోతే ఆ టప్ మనే చప్పుడుకి ముందు టేబుల్ వాళ్లు ఉలిక్కిపడతారు.

సౌండ్‌చెక్‌కి టైం లేకపోయినా మిక్సర్ దగ్గరికి వెళ్లి ఒక్కటి మాత్రం చూసి రండి, బేస్ చానల్‌లో లో కట్ బటన్ నొక్కి ఉందా అని. ముందు రోజు ఆ చానల్‌లో ఎవరి గొంతో నడిచి ఉంటుంది, దాన్ని ఎవరూ తీయరు, 80 నుంచో 100 నుంచో కింద అంతా కోసేస్తుంది. ఏ పెడల్ ఉన్నా దానికి మందు లేదు.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ప్రెజెన్స్, డ్రైవ్ రెండూ కలిపి పెంచితే బుస్ మనే హిస్ బాగా వస్తుంది, పాటకీ పాటకీ మధ్య యాంకర్ మాట్లాడేటప్పుడు తెలిసిపోతుంది. ఫుట్‌స్విచ్ ఒక్కటే, ఒక్కటే సెట్టింగ్, పాట మధ్యలో మార్చాలంటే వంగి నాబ్ తిప్పడమే. నాబ్‌లు బ్యాగ్‌లో కదిలిపోయే రకం, సిల్వర్ మార్కర్‌తో గీతలు పెట్టుకోవడం మేలు. నాకు నచ్చిన చిన్న విషయం, పెడల్ బైపాస్‌లో (ఎఫెక్ట్ ఆపేసి) ఉన్నా మిక్సర్‌కి వెళ్లే మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్‌లోంచి క్లీన్ సిగ్నల్ వెళ్తూనే ఉంటుంది, కాబట్టి మంచి డీఐగా అప్పుడూ పనికొస్తుంది. పక్కన పారలల్ ఔట్ (పెడల్ మార్చని బేస్ సిగ్నల్ బయటికొచ్చేది) ఉంది, నేను దాన్ని ట్యూనర్‌కి ఇస్తా, కొంతమంది స్టేజ్ మీద చిన్న యాంప్‌కి ఇచ్చుకుంటారు, ఇన్‌ఇయర్స్ వాడే బ్యాండ్ అయితే ఆ యాంప్ కూడా అక్కర్లేదు, ఎక్స్ఎల్ఆర్‌లోంచి వెళ్లిన సౌండే చెవిలోకి వస్తుంది, హాల్లో ఏం వినపడుతుందో నీకూ అదే.

డార్క్‌గ్లాస్ తీసుకోవచ్చు కదా అంటారు. హెల్సింకి కంపెనీ, సూపర్ పెడల్స్, మెటల్ వాయించేవాళ్లు, పళ్లు కొరికే డ్రైవ్ కావాల్సినవాళ్లు అటే వెళ్లండి, నా పాటలకి అది ఎక్కువ. బడ్జెట్ లేదు అంటే బెరింగర్ బీడీఐ21 ఉంది, పద్ధతి ఇదే, బాడీ ప్లాస్టిక్, మిడ్ నాబ్ లేదు, అయినా ఏమీ లేకుండా వాయించడం కంటే నూరు పాళ్లు నయం. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో ప్రాక్టీస్ చేసుకునేవాళ్లకి మాత్రం వీటిలో ఏదీ అక్కర్లేదు, ఆ డబ్బు తీగలకీ సెటప్‌కీ పెట్టండి.

కొత్తది మన దగ్గర ఇంపోర్ట్ రేటు కాబట్టి సెకండ్ హ్యాండ్ చూడమని నా సలహా. బెంగళూరులో బ్యాండ్‌లో ఎవరో ఒకరు ఆన్‌సైట్ వెళ్తూనే ఉంటారు, సామాన్లు అమ్మేస్తూనే ఉంటారు, బాక్స్‌తో సహా కొత్తదానిలా ఉన్నవి దొరుకుతాయి. కొనేముందు మిడ్ నాబ్ ఉందో లేదో చూసుకోండి, లేదంటే అది పాత వెర్షన్. తర్వాత బ్యాటరీ తీసేసి మిక్సర్ ఫాంటమ్ మీద ఒక్కదాని మీదే నడుస్తుందేమో చెక్ చేయండి, ప్రతి నాబ్ మెల్లగా చివరిదాకా తిప్పి కరకర వస్తుందేమో వినండి, ఎక్స్ఎల్ఆర్ కేబుల్ పెట్టి కొంచెం కదిలించి చూడండి, సౌండ్ తెగుతుంటే రేటు ఎంత తగ్గించినా వద్దు.