లోటు చూడాలా, ఆటగాణ్ణి చూడాలా? కౌబాయ్స్ డ్రాఫ్ట్‌లో ఏది మేలు

ఏప్రిల్ నెలాఖరు దగ్గర పడుతుంటే డాలస్ చుట్టుపక్కల అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు, మన కౌబాయ్స్ టీమ్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో) ఎవరిని తీసుకోవాలన్న దాని మీద రెండు వర్గాలుగా చీలిపోతారు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లూ అంతే. కౌబాయ్స్ ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం ఉన్నది ఫ్రిస్కోలోనే కాబట్టి ఇక్కడ పుట్టిన పిల్లలు టీమ్ గుర్తైన ఆ నీలి నక్షత్రాన్ని చూస్తూనే పెరుగుతున్నారు, వాళ్లతో పాటు అమ్మానాన్నలకీ పిచ్చి పట్టుకుంది. ఒక వర్గం మాట ఏంటంటే, టీమ్‌లో ఎక్కడ లోటు ఉందో అక్కడికి మనిషిని తెచ్చుకోవాలి. రెండో వర్గం మాట, మన వంతు వచ్చేసరికి మిగిలినవాళ్లలో ఎవడు గొప్పోడో వాణ్ణే తీసుకోవాలి, ఏ స్థానమైనా సరే.

నేను రెండో వర్గం. అలాగని మొదటి వర్గం వాదనలో బలం లేదని అనను, దాని సంగతీ చెబుతాను.

ఐపీఎల్ వేలం చూసి అలవాటైనవాళ్ల కోసం ముందుగా ఒక్క మాట. డ్రాఫ్ట్‌లో వేలంపాట ఉండదు. కాలేజీ ఆట ముగించి వచ్చిన కుర్రాళ్లని ఎన్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్‌లోని 32 టీములు వరసలో ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఓడినవాళ్లకి ముందు అవకాశం, సూపర్ బౌల్, అంటే ఫైనల్, గెలిచినవాళ్లకి రౌండ్ చివర్లో. ఏడు రౌండ్లు, మూడు రోజులు. ఆ వరసలో ఉన్న స్థానాలని, అంటే పిక్‌లని, టీములు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. గొడవంతా అక్కడే.

లోటు పూడ్చాలనేవాళ్ల లెక్క

వాళ్ల లెక్క డబ్బుతో మొదలవుతుంది. లీగ్‌లో ప్రతి టీముకీ జీతాల మీద పరిమితి ఉంది. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడు నాలుగేళ్లు తక్కువ జీతానికి ఆడతాడు. పెద్ద జీతాలన్నీ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కీ దాన్ని పట్టే రిసీవర్‌కీ పోయాక, మిగతా ఖాళీలని కుర్రాళ్లతో నింపక ఏం చేస్తారు? ఈ ప్రశ్నకి సులువైన జవాబు లేదు. పైగా కౌబాయ్స్‌కి మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిసిన ఆటగాళ్లని తెచ్చుకోవడం) మీద ఖర్చు పెట్టడానికి చేతులు రావు. 2024లో ఓనర్ జెర్రీ జోన్స్ 'ఆల్ ఇన్' అని ప్రకటించాక కూడా బయటి నుంచి చెప్పుకోదగ్గవాళ్లని తేలేదు. ఆ మార్చిలోనే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే లైన్‌మన్లు, లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ జెట్స్‌కి, సెంటర్ టైలర్ బియాడస్ కమాండర్స్‌కి వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో టాకిల్ టైలర్ గైటన్‌ని, ఆ తర్వాత సెంటర్‌లో ఆడించడానికి కూపర్ బీబీని తీసుకున్నారు. మార్చిలో తలుపులు తీసి పెట్టి ఏప్రిల్‌లో చిల్లులు పూడ్చుకున్నట్టయింది. ఆ సీజన్ 7 గెలుపులు, 10 ఓటములతో ముగిసింది.

లోటు కోసం ఎంచుకున్నవాళ్లు అసలు ఎలా ఆడారో చూద్దాం. 2023లో పరుగుని ఆపే బరువైన డిఫెన్సివ్ టాకిల్ కావాలని అందరమూ అరిచాం. 26వ పిక్‌తో మిషిగన్ కుర్రాడు మాజీ స్మిత్‌ని (మాజీ అన్నది అతని పేరే, Mazi) తెచ్చారు. 1991లో రస్సెల్ మేరీలాండ్ తర్వాత మొదటి రౌండ్‌లో కౌబాయ్స్ ఆ స్థానానికి మనిషిని తీసుకోవడం అదే మొదలు. కాగితం మీద అంతా సరిగ్గా కుదిరింది. మైదానంలో కుదరలేదు. 2025 నవంబరులో క్విన్నెన్ విలియమ్స్ కోసం జెట్స్‌తో చేసుకున్న ట్రేడ్‌లో మాజీ స్మిత్‌ని కూడా పంపేశారు. ఏ లోటు కోసం తెచ్చారో అదే లోటు కోసం మళ్లీ ఒక ఫస్ట్ రౌండ్ పిక్, ఒక సెకండ్ రౌండ్ పిక్ సమర్పించుకున్నారు.

2017 ఇంకా బాధ. లైన్ అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఎడ్జ్ రషర్ కావాలి, అదీ రాడ్ మారినెల్లి నడిపే 4-3 డిఫెన్స్‌లో (ముందు నలుగురు, వాళ్ల వెనక ముగ్గురు) ఇమిడేవాడు కావాలి. 28వ పిక్‌తో టాకో చార్ల్టన్‌ని తీసుకున్నారు. రెండు పిక్‌ల తర్వాత 30లో పిట్స్‌బర్గ్ తీసుకున్న కుర్రాడి పేరు టి.జె. వాట్. చార్ల్టన్ డాలస్‌లో రెండు సీజన్లు ఆడి నాలుగు శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) చేశాడు, 2019 సెప్టెంబరులో వదిలేశారు. వాట్ 2021లో ఒక్క సీజన్‌లోనే 22.5 శాక్‌లతో అప్పటి లీగ్ రికార్డుని సమం చేశాడు. లోటు ఒక్కటే అయినా, అచ్చు ముందు పెట్టుకుని మనిషిని వెతికితే ఇలాగే అవుతుంది.

బోర్డు చెప్పినట్టు వింటే

ప్రతి టీమూ నెలల తరబడి స్కౌట్‌లని తిప్పి, సినిమా చూసినట్టు కాకుండా ఫ్రేమ్ ఫ్రేమూ చూసి, కుర్రాళ్ల ర్యాంకుల వరస ఒకటి తయారు చేసుకుంటుంది. దాన్నే బోర్డు అంటారు. డాలస్‌లో ఆ పని విల్ మెక్‌క్లే చూస్తారు. ఆ బోర్డుని నమ్మిన రోజుల్లో కౌబాయ్స్‌కి ఏం దక్కిందో చూడండి.

2014 మే. అంతకు ముందు సీజన్‌లో మన డిఫెన్స్ యార్డుల లెక్కన లీగ్‌లో 32వ స్థానం, అంటే అట్టడుగు. ఎవరిని అడిగినా డిఫెన్స్ అనే చెబుతారు. మన వంతు 16. ఆరన్ డోనాల్డ్ 13లో రామ్స్‌కి పోయాడు, రయన్ షేజియర్ మన ముందే 15లో స్టీలర్స్‌కి పోయాడు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో ఆడి, కాలేజీ ఆటలో అత్యుత్తముడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జియెల్ మాత్రం ఇంకా మిగిలే ఉన్నాడు. టీవీ కెమెరాలు అతని మొహం మీదే. జెర్రీ జోన్స్ మనసు అతని మీదే ఉందనీ, కొడుకు స్టీఫెన్ వద్దని పట్టుబట్టాడనీ తర్వాత బయటికొచ్చింది. బోర్డు మీద పైన ఉన్న పేరు జాక్ మార్టిన్, నోటర్ డామ్ లైన్‌మన్. గార్డ్‌ని (లైన్ మధ్యలో ఆడేవాణ్ణి) మొదటి రౌండ్‌లో తీసుకుంటారా అని మూతి విరిచినవాళ్లు ఎంతమందో! అతను 11 సీజన్లు ఆడాడు, 9 సార్లు ప్రో బౌల్ (లీగ్ ఆల్-స్టార్ ఆట), 7 సార్లు ఫస్ట్ టీమ్ ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్‌లోని మేటి జట్టు). మాన్జియెల్‌ని 22లో క్లీవ్‌లాండ్ తీసుకుంది, రెండు సీజన్లకే వదులుకుంది. ఆ 2014 సీజన్‌లోనే బంతి పట్టుకుని పరిగెత్తే డిమార్కో మర్రే 1,845 గజాలు పరిగెత్తాడు, టీమ్ 12-4తో ముగించింది. బంతి మన దగ్గరే ఉండి, అట్టడుగున ఉన్న డిఫెన్స్ మైదానం బయట ఎక్కువసేపు కూర్చుంటే అదీ ఒక రకంగా లోటు పూడినట్టే. లోటు పూడ్చాలనేవాళ్లు ఈ కోణాన్ని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

2020లో ఇంకో ఉదాహరణ. ప్రత్యర్థి రిసీవర్లని కాచే కార్నర్ (కార్నర్‌బ్యాక్) బైరన్ జోన్స్ మయామికి వెళ్లిపోయాడు, అక్కడ పెద్ద ఖాళీ. రిసీవర్లుగా అమారి కూపర్, మైకేల్ గాలప్ అప్పటికే ఉన్నారు. అయినా 17లో సీడీ లామ్ చేతికి అందేసరికి వదల్లేదు. 2023లో లామ్ 135 క్యాచ్‌లతో లీగ్‌లోనే మొదటి స్థానం, 1,749 గజాలు. ఇంతలో కూపర్ 2022లో క్లీవ్‌లాండ్‌కి వెళ్లిపోయాడు. ఈ ఏడు అక్కర్లేదనుకున్న స్థానం రెండేళ్లకే అత్యవసరమైంది. ఫుట్‌బాల్‌లో లోటు అనేది అంత తొందరగా చోటు మారుతుంది, అందుకే దాన్ని చూసి నాలుగేళ్ల ఒప్పందం రాయడం నాకు నచ్చదు.

రెండూ కలిసొచ్చిన ఏడు కూడా ఉంది, 2022. టల్సాలో ఆడిన టైలర్ స్మిత్‌ని 24లో తీసుకుంటే చాలామంది భగ్గుమన్నారు, కాలేజీలో అతని మీద పెనాల్టీలు ఎక్కువని. ప్రెస్ మీట్‌లో జెర్రీ జోన్స్ ఏకంగా బోర్డు కాగితాన్నే పైకెత్తి చూపించాడు, విలేఖరులు ఫొటోలు పెద్దవి చేసి మరీ చదివారు. ఆగస్టులో టైరన్ స్మిత్ తొడ కండరం చిట్లి కూర్చుంటే, ఈ కుర్రాడే మొదటి మ్యాచ్ నుంచి లెఫ్ట్ టాకిల్‌లో నిలబడ్డాడు.

పైకి ఎగబాకాలా, కిందికి దిగాలా

ఇష్టమైనవాడి కోసం పిక్‌లు ఎక్కువిచ్చి పైకి వెళ్లడమా, కిందికి దిగి అదనంగా ఒక పిక్ సంపాదించుకోవడమా? దీనికి కొలబద్ద కూడా డాలస్‌లోనే పుట్టింది. జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో, 1991 ప్రాంతంలో, టీమ్‌లో వాటాదారుగా ఉన్న ఇంజినీరు మైక్ మెకాయ్ పిక్‌లకి పాయింట్లు వేశారు. మొదటి పిక్‌కి 3,000, పదో పిక్‌కి 1,300, రెండో రౌండ్ మొదటికొచ్చేసరికి 580. ఇప్పటికీ అభిమానులు ఆ పట్టిక దగ్గర పెట్టుకునే వాదిస్తారు.

2012లో 14 నుంచి 6కి ఎగబాకి మోరిస్ క్లెయిబోర్న్‌ని తెచ్చుకున్నారు. 6వ పిక్ విలువ 1,600, మన 14 విలువ 1,100, కలిపి ఇచ్చిన 45వ పిక్ 450. పట్టిక ప్రకారం 50 పాయింట్లు మనకే లాభం. కానీ క్లెయిబోర్న్ గాయాలతో సతమతమై, ఐదు సీజన్ల తర్వాత వెళ్లిపోయాడు. గాయం ఎవరి తప్పూ కాదు. అయితే ఒక్క మనిషి మీద రెండు పిక్‌లు పెడితే ఆ మనిషి మోకాలి మీద కూడా రెండు పిక్‌లు పెట్టినట్టే.

మరుసటి ఏడాది దీనికి తిరగేసి, కిందికి దిగారు. 18వ పిక్ (900) శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చి 31 (600), 74 (220) తీసుకున్నారు. 80 పాయింట్లు నష్టం, మోసపోయారని గోల. 31లో ట్రావిస్ ఫ్రెడరిక్ పేరు చదవగానే రెండో రౌండ్ మనిషిని మొదట్లో తీసుకున్నారని మళ్లీ గోల. ఆ ఫ్రెడరిక్ ఐదుసార్లు ప్రో బౌల్‌కి వెళ్లాడు. 74లో వచ్చిన టెరెన్స్ విలియమ్స్ కూడా కొన్నేళ్లు ఆడాడు.

2021 రాత్రి మాత్రం అందరికీ గుర్తుండే ఉంటుంది. కార్నర్‌బ్యాక్ కావాలి. 8లో జేసీ హార్న్, 9లో పాట్రిక్ సర్టన్ వెళ్లిపోయారు, 10లో మన వంతు. ఫోన్ ఎత్తి బద్ధశత్రువు ఫిలడెల్ఫియాకే 10ని అమ్మి 12, 84 తీసుకున్నారు. ఆ రాత్రి తెలుగు గ్రూపుల్లో 'ఈగల్స్‌కి సాయం చేస్తారా అన్నా' అని తిట్లే తిట్లు. ఈగల్స్ డివాంటా స్మిత్‌ని తీసుకుంది, అతను గొప్పగానే ఆడాడు. మనం 12లో మైకా పార్సన్స్‌ని తీసుకున్నాం, మొదటి ఏడే 13 శాక్‌లు, డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్. 2025 ఆగస్టులో అతన్ని గ్రీన్‌బేకి పంపడం వేరే గాయం, దాన్ని డ్రాఫ్ట్ ఖాతాలో రాయకూడదు. సర్టన్ మిగిలి ఉంటే కచ్చితంగా అతన్నే తీసుకునేవాళ్లు, అతను 2024లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ కూడా అయ్యాడు. అంటే లోటు, ఆటగాడు కలిసి దొరికేది అతనిలోనే. అతను దొరకనప్పుడు మూడో కార్నర్ కోసం తడుముకోకుండా ఆగడమే ఆ రాత్రి చేసిన మంచి పని.

కాబట్టి నా ఓటు దిగడానికే. ఎగబాకడం క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఒప్పుకుంటాను, కానీ అక్కడా మనకి కలిసొచ్చింది ఎగబాకలేకపోవడమే. 2016లో పాక్స్‌టన్ లించ్ కోసం ప్రయత్నించారు, డెన్వర్ ఎగరేసుకుపోయింది. కానర్ కుక్‌ని రైడర్స్ పట్టుకుపోయారు. చివరికి నాలుగో రౌండ్‌లో 135వ పిక్‌తో దొరికినవాడు డాక్ ప్రెస్కట్.

మరి ఏ ఛానెల్ చూడాలి?

ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే మనం తిట్టే తిట్లలో సగం టీవీ నేర్పినవే. ప్రతి టీమ్ వంతు రాగానే తెర కింద ఆ టీమ్ లోట్ల జాబితా వేస్తారు. 'డిఫెన్సివ్ టాకిల్, రిసీవర్' అని కనపడ్డాక గార్డ్ పేరు వినపడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మర్నాడు గ్రేడ్‌లు ఇచ్చేదీ ఆ జాబితాని చూసే.

ఈఎస్‌పీఎన్ 1980 నుంచి డ్రాఫ్ట్ చూపిస్తోంది, డ్రాఫ్ట్ విశ్లేషకుడు మెల్ కైపర్ 1984 నుంచి అక్కడే ఉన్నాడు. ఆయనకున్నంత ఓపిక ఎవరికీ లేదు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ ఆయన తన బోర్డు కోసం పోరాడతాడు. 2025లో తాను ఐదో ర్యాంకు ఇచ్చిన క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ సాండర్స్ 144వ పిక్ దాకా జారిపోతుంటే, మిగతా కుర్రాళ్ల గురించి చెప్పాల్సిన సమయమంతా ఆ కోపంలోనే కరిగిపోయింది. ఏబీసీలో కుర్రాడి అమ్మానాన్నల కథలు, కాలేజీ రోజులు ఎక్కువ. ఆట అంతగా తెలియనివాళ్లతో కూర్చుని చూడ్డానికి అదే మేలు, మా ఇంట్లో పెద్దవాళ్లు అదే పెట్టమంటారు.

నాకు మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ నెట్‌వర్క్‌లో డేనియల్ జెరెమియా మాట. రేవెన్స్, బ్రౌన్స్, ఈగల్స్‌లో స్కౌట్‌గా పనిచేసినవాడు కాబట్టి, కుర్రాడి పాదాలు ఎలా కదులుతాయి, చేతులు ఎక్కడ పెడతాడు, ఏ స్కీమ్‌లో ఇబ్బంది పడతాడు అన్నది రెండు వాక్యాల్లో చెప్పేస్తాడు. లోటు గురించి కాదు, మనిషి గురించి వింటాం. పిక్ అయిపోయాక స్థానిక కోపతాపాలు కావాలంటే 105.3 ద ఫ్యాన్ రేడియో ఉండనే ఉంది. ఫోన్ నోటిఫికేషన్లు మాత్రం ఆపేసుకోండి. స్ట్రీమింగ్ కాస్త ఆలస్యంగా వస్తుంది, టీవీలో పేరు చదివేలోపే గ్రూపులో ఎవరో ఒకరు రాసేస్తారు. ఇండియా నుంచి చూసేవాళ్లకి మొదటి రౌండ్ శుక్రవారం తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది.

శనివారం సంగతి వేరు. నాలుగో రౌండ్ నుంచి స్టూడియోలో కబుర్లు ఎక్కువ, పేర్లు తెర అంచున పాకుతూ పోతాయి. ఏ ఛానెలైనా అంతే. ఆ రోజు టీవీ కంటే మిగిలిన ఆటగాళ్ల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, కొట్టేస్తూ, మన వంతు వచ్చినప్పుడు ఎవరు మిగిలారో చూసుకోవడం మేలు. 2022లో అలాంటి శనివారమే 167వ పిక్‌తో కౌబాయ్స్ తీసుకున్న కార్నర్ డరాన్ బ్లాండ్, మరుసటి ఏడాది ఐదు ఇంటర్‌సెప్షన్లని (ప్రత్యర్థి విసిరిన బంతిని లాక్కోవడం) టచ్‌డౌన్లుగా మలిచి లీగ్ రికార్డు రాశాడు.