కట్టుడు పళ్ళతో ఆరేళ్ళు: పై సెట్టు బాగుంది, కిందిదానికి ఇంప్లాంట్లు తప్పలేదు

షుగరు, చిగుళ్ళ జబ్బు కలిసి 2019 నాటికి నా నోట్లో ఒక్క పన్ను మిగల్చలేదు. చిగుళ్ళు మానాక పైనా కిందా పూర్తి సెట్టు కట్టించుకున్నాను. ముందు మైనం మీద పళ్ళు అమర్చి చూపించారు. రంగు, పొడవు మార్చమని అడగాలంటే అప్పుడే అడగాలి, తొందరపడకండి. మరీ తెల్లగా వద్దని నేను ఒక షేడు తగ్గించమన్నాను. లోపలికి పోయిన పెదాలు నిండుగా వచ్చాయి. మా ఆవిడ చూసి "పెళ్ళి ఫొటోలో ఉన్నట్టే ఉన్నారండీ" అంది. కొత్తవాళ్ళు ఇప్పటికీ సొంత పళ్ళే అనుకుంటారు.

తిండి దగ్గరే చిక్కొచ్చింది. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కిందిదానికి ఆ ఆసరా లేదు, పైగా నాలుక కదులుతూనే ఉంటుంది. మంచినీళ్ళు తాగినా తేలేది. ఓ సంక్రాంతికి సకినం నములుతుంటే నువ్వు గింజ ఒకటి సెట్టు కిందికి దూరింది. నమిలినప్పుడల్లా సూది గుచ్చినట్టే. చుట్టాల మధ్యలోంచి లేచి, పెరట్లోకెళ్ళి, సెట్టు తీసి కడుక్కుని వచ్చాను. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో పెరుగన్నంతోనే సరిపెట్టుకున్నాను.

పళ్ళు లేని దవడ ఎముక అరుగుతూ పోతుంది. లోపలివైపు కొత్త పూత వేయించినా ఏడాది తిరక్కుండానే మళ్ళీ వదులైంది. 2022లో షుగరు అదుపులోకి తెచ్చుకుని, కింద కోరపళ్ళు ఉండే చోట రెండు ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలోకి బిగించే లోహపు మరలు, వేయించాను. మూడు నెలలాగి సెట్టును వాటికి గుండీల్లా బిగించారు. సెట్టు ఖర్చుకు మూడింతలు దాటింది. అయినా జొన్నరొట్టె, కోడికూర, ఆవకాయ ముక్క మళ్ళీ తింటున్నాను. జామకాయ మాత్రం కోసుకుని వెనక పళ్ళతోనే నములుతాను, ముందు పళ్ళతో కొరికితే పై సెట్టు వెనకవైపు ఊడి కిందికి జారుతుంది.

కింది దవడకు కనీసం రెండు ఇంప్లాంట్ల మీద సెట్టే మొదట చూడాల్సిన దారి అని 2002లోనే కెనడా మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు. నాకు ఆ మాట మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మీరు మాత్రం కొలతలివ్వక ముందే అడగండి.

గుండీల్లోని నైలాన్ రింగులు అరుగుతాయి, నేను ఏడాదికోసారి మార్పిస్తున్నాను. రాత్రి సెట్టు తీసి చన్నీళ్ళలో వేస్తాను. వేడినీళ్ళకు వంకరపోతుంది, పేస్టుకు గీతలు పడతాయి. సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. జారిపడినా పగలకుండా కింద నీళ్ళ బేసిను పెట్టుకుని కడుగుతాను.

పై సెట్టు పళ్ళు అరిగి నున్నగా అయ్యాయి. ఈ వేసవిలో కొత్తది కట్టించుకుంటున్నాను. రంగు మాత్రం పాతదే ఉంచమన్నాను.