కెగ్ బాగుంది, కోపమంతా దాని గ్యాస్ కనెక్టర్ మీదే

19 లీటర్ల స్టీల్ కెగ్, అంటే ప్రెషర్ తట్టుకునే మూత ఉన్న పీపా, 5 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, రెగ్యులేటర్, ఒక పాత ఫ్రిజ్. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు వాడే సామానే ఇది. మా కడప ఇంట్లో దీని పని నన్నారి సోడా. ఎట్లా బిగించాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, ఆ జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నదంతా సిలిండర్ నుంచి వచ్చే పైపును కెగ్గుకు తగిలించే, కెగ్ నెత్తిన ఎక్కి కూర్చునే బూడిదరంగు ప్లాస్టిక్ గ్యాస్ కనెక్టర్ గురించే. దానిమీద నాకు బాగా కోపం ఉంది.

సోడా విషయంలో వంక పెట్టడానికేం లేదు. నీళ్లు 4 డిగ్రీల దాకా చల్లబడి, రెగ్యులేటర్ 30 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర ఉంటే ముక్కులోకి కొట్టే సోడా వస్తుంది. నన్నారి, నిమ్మకాయ, నానబెట్టిన సబ్జా గ్లాసులో వేసి పైన ఇది పోస్తే, ఏడురోడ్ల దగ్గర బండి వెతుక్కుంటూ ఎండలో పోవాలనిపించదు. మొదటి వేసవిలో చుట్టాలందరికీ కొనుక్కోమని చెప్పాను. ఒక్క సిలిండర్‌తో ఎండాకాలమంతా గడిచిపోతుందని కూడా అన్నాను. అందులో రెండో మాట ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను.

లెక్క ప్రకారం గడవాలి మరి. ఘాటైన సోడాకు లీటరుకు సుమారు 8 గ్రాముల గ్యాస్ కరుగుతుంది. అంటే ఒక కెగ్గుకు 150 గ్రాములు. నీళ్లు తోడుకునే కొద్దీ ఖాళీ అయిన చోట నిండే గ్యాస్ ఇంకో వంద గ్రాములనుకుందాం. 5 కిలోల సిలిండర్ 20 కెగ్గులకు రావాలి. మా ఇంట్లో అందులో నాలుగో వంతు కూడా రాలేదు. ఒకరోజు పొద్దున చూస్తే రెగ్యులేటర్ ముల్లు సున్నా మీద ఉంది, మధ్యాహ్నానికి చుట్టాలు దిగుతున్నారు.

వంటగ్యాస్ లీకైతే వాసన కొడుతుంది, అందుకోసమే అందులో ఆ వాసన కలుపుతారు. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. సిలిండర్ వైపు మీటర్ కూడా మనకు సాయం చేయదు. లోపల ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ముల్లు దాదాపు అక్కడే నిలబడి ఉంటుంది. పైగా 31 డిగ్రీలు దాటితే ఈ గ్యాస్ ద్రవంగా ఉండదు, ఇక వేడికి ప్రెషర్ పెరుగుతూ పోతుంది. మే నెలలో కడపలో ఆ మీటర్ చూసి గ్యాస్ ఎంత మిగిలిందో చెప్పడం జాతకం చెప్పడమే. సిలిండర్‌ను కాటా మీద పెట్టి, దాని మీద కొట్టిన ఖాళీ బరువు తీసేస్తే నిజం తెలుస్తుంది.

గ్యాస్ నింపే షాపు ఆయన టెఫ్లాన్ టేప్ చుట్టమన్నాడు. సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య గాలి ఆపేది వాషర్, మరలు కావు. టేప్ చుడితే ఒరిగేదేం లేదు. వాషర్ మార్చాను. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు కలిపి, స్ప్రే బాటిల్‌తో ప్రతి అతుకు మీదా కొట్టాను. కెగ్ మూత రింగు దగ్గర చిన్న నురుగు కనిపించింది. ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడు ఈ మూతలు సరిగ్గా కూర్చోవు, ఒకసారి 30 దాకా ఎక్కిస్తే లోపలి నుంచి గట్టిగా అతుక్కుంటాయి. అదీ సరిచేశాను. అయినా గ్యాస్ పోతూనే ఉంది. మా వీధి పంక్చర్ షాపు అబ్బి "నీళ్లల్లో ముంచితే తెలుస్తాదన్నా" అని, తన తొట్టిలోనే కెగ్గును తలకిందులు చేసి ముంచాడు. ఒక్క బుడగ రాలేదు. "యాడో పోతాంది లేబ్బా" అని మా అమ్మ తేల్చేసింది.

ఇక మిగిలింది వాల్వ్ పరీక్ష. సిలిండర్ వాల్వ్ మూసేసి, రాత్రంతా వదిలి, ముల్లు పడిందా లేదా చూడటం. కెగ్గులో ఇంకా గ్యాస్ పూర్తిగా పట్టని చల్లని నీళ్లుంటే ఇది అబద్ధం చెబుతుంది. లీకు లేకపోయినా నీళ్లు గ్యాస్‌ను పీల్చుకుని ముల్లు పడుతుంది. అందుకని ఫ్రిజ్ ఆపి, కెగ్ ఖాళీ చేసి, గ్యాస్ మాత్రమే నింపి పెట్టాను. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచిన రాత్రి ముల్లు కదల్లేదు. తలుపు మూసిన రాత్రి పడిపోయింది. మళ్లీ చేసినా అంతే.

తలుపు మూస్తే లోపల గ్యాస్ పైపు వంగి కనెక్టర్‌ను పక్కకు నొక్కుతోంది. వెంట్రుకవాసి వాలితే చాలు, కింద పోస్టు (కనెక్టర్ ఎక్కి కూర్చునే కెగ్ మీది చిన్న మెటల్ మొన) చుట్టూ ఉన్న రబ్బరు రింగుకు పట్టు పోతుంది. సబ్బునీళ్లు కొట్టాలంటే తలుపు తీయాలి, తలుపు తీయగానే అది బుద్ధిగా నిటారుగా నిలబడుతుంది. అంత ప్రెషర్ పట్టుకోవాల్సిన భాగాన్ని ఇంత అల్లాడేలా ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బిరుసు పైపు తీసేసి మెత్తనిది, కాస్త పొడవుగా, ఒక చుట్టు వదులుగా వచ్చేలా వేశాను. పోస్టు రింగు మార్చి, తినే వస్తువులకు వాడే సిలికాన్ గ్రీజు రాశాను. అప్పటి నుంచి కాటా లెక్క సరిపోతోంది. షర్బత్‌ను మాత్రం కెగ్గులో కలపడం లేదు. పాకం పైకి ఎగదన్ని పోస్టు లోపలి స్ప్రింగు వాల్వ్‌కు జిగురు పడితే అది సరిగ్గా మూసుకోదు, అప్పుడు కనెక్టర్ తీసినా సుయ్‌మంటూనే ఉంటుంది.

కొనాలా అంటే, మాది పదిమంది తిరిగే ఇల్లు, వరండాలో పనికిరాకుండా పడున్న ఫ్రిజ్ ఉంది, సాయంత్రం ఒక గంట స్పానర్ పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం. ఇద్దరే ఉండే ఇంటికైతే చేత్తో నొక్కే చిన్న సోడా మెషీన్ చాలనుకుంటా. పడకగదిలో పెట్టాల్సినంత ఇరుకు ఇల్లయితే వద్దనే చెబుతాను. ఈ గ్యాస్ గాలికంటే బరువు, మూసిన గదిలో నేల మీదే పేరుకుంటుంది. నేనైతే లీకు పోయాక కూడా రాత్రి పడుకునే ముందు సిలిండర్ వాల్వ్ మూసే పడుకుంటున్నాను.