బ్రెయిన్ సాలడ్ సర్జరీ వినాలా, లవ్ బీచ్ వినాలా?

బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందం ఎమర్సన్, లేక్ అండ్ పామర్‌ను కొత్తగా వినేవాళ్లు 1973 నాటి ‘బ్రెయిన్ సాలడ్ సర్జరీ’ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టాలి. అందులోని ‘కార్న్ ఈవిల్ 9’ అనే పాట దాదాపు అరగంట. ఎల్పీ రికార్డు మొదటి వైపు చివర్లో మొదలై రెండో వైపంతా ఆక్రమిస్తుంది. కీత్ ఎమర్సన్ ఆర్గాన్ ఉరకలేస్తుంటే కార్ల్ పామర్ డ్రమ్స్ ఊపిరి తీసుకోనివ్వవు. ఆడంబరం ఎక్కువే, కానీ దమ్ముంది.

1978లో వచ్చిన ‘లవ్ బీచ్’ సంగతి అట్ట చూస్తేనే తెలిసిపోతుంది. ‘బ్రెయిన్ సాలడ్ సర్జరీ’ అట్ట మీద చిత్రకారుడు గీగర్ గీసిన పుర్రె బొమ్మ పోయి, చొక్కా గుండీలు విప్పుకుని బీచ్‌లో నవ్వుతున్న ముగ్గురు మిగిలారు! రికార్డు కంపెనీతో ఒప్పందం ఉంది కాబట్టి చేసిన ఆల్బమ్ ఇది. మొదటి వైపు చాలావరకు పొట్టి ప్రేమ పాటలే. గ్రెగ్ లేక్ గొంతు బాగానే ఉంది, సాహిత్యమే మరీ చవకబారు. రెండో వైపున్న ఇరవై నిమిషాల సైనికాధికారి కథ కాస్త నయం. అదొక్కటి వినండి చాలు.