నిలువెత్తు కలుపుకి పాత చిన్న ట్రాక్టర్, మూడున్నర అడుగుల స్లాషర్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఛాతీ ఎత్తు పెరిగిన కలుపును 18.5 హెచ్‌పీ పాత ట్రాక్టర్ కోస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు: కోస్తుంది, శుభ్రంగా కోస్తుంది. కాకపోతే మూడు విషయాలు సరిగ్గా ఉండాలి. స్లాషర్ (బండి వెనక తగిలించి తిరిగే బ్లేడ్లతో కలుపు కోసే పనిముట్టు) వెడల్పు బండి శక్తికి తగ్గట్టు ఉండాలి, పీటీవోకి (ఇంజన్ శక్తితో ఆ పనిముట్టును తిప్పే ఇరుసుకి) ఫ్రీవీల్ ఉండాలి, రేడియేటర్ మీద ఒక కన్ను వేసి ఉంచాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా బండికో మనిషికో దెబ్బ తప్పదు. చాలామంది హెచ్‌పీ దగ్గరే ఆగిపోతారు కాబట్టి మిగతా సంగతులు వివరంగా రాస్తున్నాను.

మా మామిడి తోట నూజివీడు దగ్గర, ఎర్రనేల. బంగినపల్లి ఎక్కువ, కొన్ని చిన్నరసాలు, గట్ల వెంబడి కలెక్టర్ చెట్లు. పాతకాలం తోట కాబట్టి చెట్టుకీ చెట్టుకీ ముప్పై అడుగుల పైనే ఎడం ఉంది. ఆ ఎడమంతా జూన్ వానలు పడ్డాక కలుపుదే. ముందు గరిక, తుంగ లేస్తాయి. ఆగస్టు వచ్చేసరికి వాటిని తొక్కేసి వయ్యారిభామ, కసివింద, తంటెం, వెంపలి, ముళ్ల తోటకూర నడుము దాటతాయి. ఒక్క నెల ఏమరుపాటుగా ఉంటే మనిషి లోపలికి వెళ్తే కనబడడు. మా వైపు రక్తపింజరలు ఎక్కువ, అందుకే ఆ ఎత్తు కలుపులోకి కూలీలను పంపడానికి నాకు మనసొప్పదు. అదీగాక వయ్యారిభామను చేత్తో పీకితే చర్మం మీద దద్దుర్లు, కొందరికి ఆయాసం కూడా. ఆ మొక్క మన దేశంలో మొదట 1950ల్లో పుణె దగ్గర కనబడింది. ఇప్పుడు అది లేని పొలం గట్టు లేదు.

మందు కొట్టొచ్చు కదా అంటారు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ అయితే పొరపాటున కడుపులోకి పోతే విరుగుడు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ డబ్బా ఉంచడం నాకు ఇష్టం లేదు. ఇక మట్టిని తిరగేసి గుల్ల చేసే రోటావేటర్ కొన్నాళ్లు వేయించాను. వేసిన వారం తోట అద్దంలా ఉంటుంది, నిజమే. కానీ మామిడికి ఆహారం లాగే సన్న వేళ్లు పైమట్టిలోనే ఉంటాయి, అవి తెగుతాయి. తుంగ గడ్డలు ముక్కలై తోటంతా పాకుతాయి. వదులైన మట్టి పెద్ద వానకి పల్లానికి కొట్టుకుపోతుంది. స్లాషర్ అయితే మట్టి జోలికి పోదు, కోసింది అక్కడే కప్పుగా పడుతుంది.

బండి మిత్సుబిషి శక్తి ఎంటీ 180డీ. బెంగళూరు వీఎస్‌టీ కంపెనీ వాళ్లది, మూడు సిలిండర్లు, నాలుగు చక్రాల డ్రైవ్. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, అప్పటికే పెయింట్ వెలిసిపోయి ఉంది. తోట పనికి దీన్ని మించిన సైజు నాకు కనబడలేదు. పెద్ద బండ్లు మామిడి కొమ్మల కిందికి దూరలేవు. దూరితే సైలెన్సర్‌కి కొమ్మ తగిలి కాయతో సహా విరుగుతుంది. ఇది కొమ్మల కిందికి వెళ్లి మొదలు చుట్టూ తిరిగి బయటికి వస్తుంది. బరువు తక్కువ కాబట్టి తడి నేల పెద్దగా అణగదు. ఏటవాలు చోట్ల ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి తేలిగ్గా జారదు.

వెడల్పు సంగతి. పీటీవో దగ్గర దక్కే శక్తిని బట్టి అడుగు వెడల్పుకి సుమారు ఐదు హెచ్‌పీ లెక్క వేసుకోవాలి. ఇంజన్ 18.5 అంటే పీటీవో దగ్గరకొచ్చేసరికి పదిహేను చిల్లర ఉంటుంది, అంటే మూడు, మూడున్నర అడుగులకు మించకూడదు. షాపువాళ్లు ఐదడుగులది అంటగట్టాలని చూస్తారు, ‘పని తొందరగా అయిపోద్దండీ’ అంటారు. ఎండు గడ్డి మీద తిరుగుతుంది గానీ చిక్కటి పచ్చి కలుపులో ఇంజన్ గొంతు పట్టేసి ఆగిపోతుంది. మూడున్నర అడుగులది తీసుకుంటే ఇంకో లాభం, చక్రాల జాడలు దాదాపుగా దాని వెడల్పులోనే పడతాయి. చక్రం తొక్కి పడుకోబెట్టిన మొక్క తెగకుండా మిగిలి రెండు రోజుల్లో మళ్లీ లేచి నిలబడుతుంది. ఈ బెడద వెడల్పు సరిపోయిన స్లాషర్‌తో బాగా తగ్గుతుంది.

ఇక అసలు విషయం, ఫ్రీవీల్. పాత చిన్న బండ్లకు క్లచ్ ఒకటే. తొక్కితే చక్రాలకూ పీటీవోకూ ఒకేసారి ఇంజన్ నుంచి తెగుతుంది. కానీ వెనక స్లాషర్‌లో బరువైన బ్లేడ్లు గిర్రున తిరుగుతూనే ఉంటాయి. ఆ ఊపు షాఫ్ట్ ద్వారా గేర్‌బాక్స్‌లోకి వెనక్కి వచ్చి చక్రాలను ముందుకు తోస్తుంది. క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నా బండి నాలుగైదు అడుగులు పోతుంది. నాకు మొదటిసారి ఒక బంగినపల్లి చెట్టు మొదలు ముందు ఇలా అయింది, బ్రేక్ మీద నిలబడితే గానీ ఆగలేదు. క్లచ్ అరిగిందనుకుని మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లాను. అతను బండి విప్పకుండానే చెప్పాడు: ‘బాబాయ్, క్లచ్ బాగానే ఉంది. వెనక బ్లేడు తిరుగుతా ఉంటే ఆ ఊపే చక్రాల్ని తోసుద్ది. ఫ్రీవీల్ వేయించండి, ఆగిపోద్ది.’

ఫ్రీవీల్ అంటే బండి వెనక బయటికి పొడుచుకొచ్చే పీటీవో గూటానికీ, స్లాషర్‌ని తిప్పే షాఫ్ట్‌కీ మధ్య తగిలించే అరచేతి పొడవు ముక్క. ఇంజన్ తిప్పితే పట్టుకుంటుంది, బ్లేడ్ల ఊపు వెనక్కి వచ్చి గేర్‌బాక్స్‌ని తిప్పబోతే వదిలేస్తుంది. సైకిల్ వెనక చక్రంలో ఉండేది అదే. కొన్ని స్లాషర్లకు షాఫ్ట్‌లోనే పెట్టి ఇస్తారు, కొనేటప్పుడు షాఫ్ట్ చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది: ఒక వైపు బ్లేడ్లు కదులుతాయి, రెండో వైపు ఖాళీగా తిరుగుతుంది. విడిగా వేయించుకుంటే ఆ ముక్క పొడవు మేరకు షాఫ్ట్‌కి చోటు తగ్గుతుంది కాబట్టి ఒకదానిలో ఒకటి జరిగే షాఫ్ట్ పైపులు రెండూ ఆ మేరకు కోయించాలి. ఇది మరిచిపోతే స్లాషర్‌ని మోసే లిఫ్ట్ ఎత్తినప్పుడు లోపలి పైపు బయటి దాని అడుగుకి తగిలి పీటీవో బేరింగ్‌ని నెడుతుంది. అలా పాడైన బండి మా ఊళ్లోనే ఉంది. కోయించాక లిఫ్ట్‌ను మొత్తం పైకీ మొత్తం కిందికీ ఆడించి, ఎక్కడా బిగుసుకోవడం లేదని, పైపులు విడిపోయేంత దూరం కూడా జరగడం లేదని చూసుకోవాలి.

ఈ బండికి పీటీవో స్పీడ్లు ఒకటికి మించి ఉన్నాయి. స్లాషర్ గేర్‌బాక్స్ 540 ఆర్‌పీఎంకి చేసింది కాబట్టి లివర్ తక్కువ స్పీడ్‌లోనే ఉండాలి. పై స్పీడ్‌లో వేస్తే బ్లేడు ఇంకా వేగంగా తిరిగి బాగా కోస్తుందనుకుంటారు. గేర్‌బాక్స్ వేడెక్కి సీలు దగ్గర నూనె కారుతుంది, బ్లేడ్లు దాని హద్దు దాటి తిరుగుతాయి, రాయి తగిలితే ఎంత దూరం పోతుందో చెప్పలేం.

కోసే పద్ధతిలో నేను స్థిరపడింది ఇదీ. ముందు రోజు సాయంత్రం పొడవాటి కర్రతో తోటంతా తిరుగుతాను. డ్రిప్ పైపులు మొదళ్ల దగ్గరకు చుట్టేస్తాను, రాళ్లు, తీగ ముక్కలు, కాయల సీజన్‌లో వదిలేసిన ప్లాస్టిక్ తాళ్లు ఏరేస్తాను. తాడు షాఫ్ట్‌కి చుట్టుకుంటే సీలు తినేస్తుంది. కర్ర చప్పుడికి కొన్ని పాములు కూడా పక్కకు పోతాయి గానీ అన్నీ పోతాయని అనుకోలేం. మర్నాడు మంచు ఆరాక మొదలు పెడతాను, తడి గడ్డి డెక్కు (బ్లేడ్ల మీద ఉండే రేకు మూత) కింద ముద్దలు కట్టి బ్లేడుని పట్టేస్తుంది. మొదటి విడత స్లాషర్‌ని అడుగు ఎత్తులో పెట్టి పై భాగం మాత్రమే దించుతాను. రెండో విడత ఎదురు దిక్కు నుంచి వచ్చి నాలుగంగుళాల ఎత్తులో కోస్తాను. మొదటి విడతలో కనబడని రాయి, చెద పుట్ట, మోడు ఈలోపు బయటపడతాయి. ఒకే విడతలో నేల దాకా కొట్టేయాలని చూస్తే ఈ బండి మోయలేదు.

బాగా చిక్కగా ఉన్న చోట వెడల్పులో సగమే తింటూ పోవాలి. స్పీడ్ తగ్గించాలంటే గేర్ దించాలి, యాక్సిలరేటర్ మాత్రం తగ్గించకూడదు. బ్లేడు వేగం పడిపోతే కాడ తెగకుండా నలిగి పీచులా వేలాడుతుంది. లో గేర్‌లో పెట్టి ఇంజన్‌ని నిండుగా తిప్పుతూ ఓపిగ్గా పోతే కసివింద కాడలు కూడా చిటపటమని తెగిపోతాయి. ఇలా అర ఎకరానికి గంట పైనే పడుతుంది, అది మొదటి విడతకే. డీజిల్ గంటకు రెండు, రెండున్నర లీటర్లు. తొందర ఉన్నవాళ్లకు ఇది నచ్చదు. నాకు మాత్రం కూలీల కోసం ఊరంతా తిరిగే టెన్షన్ పోయింది, అదే పెద్ద లాభం.

వేడి గురించి కూడా చెప్పాలి. పూతకొచ్చిన వయ్యారిభామలో దూసుకుపోతుంటే తెల్లటి పొట్టు లేచి రేడియేటర్ జాలికి అతుక్కుంటుంది. కాసేపట్లో గాలి ఆడదు, సూది పైకి పోతుంది. ముందు గ్రిల్‌కి లోపల దోమతెర గుడ్డ కట్టాను, పొట్టు దాని మీదే ఆగుతుంది. ప్రతి రెండు మూడు సాళ్లకు దిగి చేత్తో తుడిచేస్తాను. నీళ్లు కొట్టకండి, తడిసిన పొట్టు ఫిన్ల (రేడియేటర్ సన్న రేకుల) మధ్య పేస్టులా పట్టేస్తుంది. సాయంత్రం బండి చల్లారాక ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. ఎయిర్ క్లీనర్ కూడా అదే రోజు విప్పి చూడాలి.

స్లాషర్ లోకల్‌గా చేయించింది. డెక్కు రేకు పల్చన, మొదటి ఏడాదే అంచు చీలిపోయి వెల్డింగ్ పెట్టించాను. వెనక రాళ్లు ఆపే గొలుసులు కూడా నేనే తర్వాత వేయించాను, అవి లేకుండా ఎవరూ బండి తీయకూడదు. గొలుసులు ఉన్నా సరే, స్లాషర్ తిరుగుతుంటే ఆ చుట్టుపక్కల మనుషులు, గొడ్లు ఉండకూడదు. బ్లేడ్లు బోల్టు మీద ఊగేవి, రాయి తగిలితే మడతపడి వెనక్కి పోతాయి. మార్చాల్సి వస్తే రెండూ కలిపే మార్చాలి, పదును పెట్టినా రెండింటి బరువూ సమానంగా ఉండాలి, లేకపోతే సీటు దాకా వణుకు వస్తుంది. షాఫ్ట్‌లో ఉండే షేర్ బోల్టు, బ్లేడు దేనికైనా గట్టిగా తగిలితే ముందు తనే తెగడానికి పెట్టింది. అది పదే పదే తెగుతోందని విసుగొచ్చి తేలిగ్గా తెగని హైటెన్సైల్ బోల్టు బిగించేవాళ్లను చూశాను, ఆ తర్వాత తెగేది గేర్‌బాక్స్ లోపలి పళ్లు. మామూలు బోల్టులు ఓ పది టూల్ బాక్స్‌లో ఉంచుకుంటే సరిపోతుంది.

చేతకాని పనులూ ఉన్నాయి. బొటనవేలి లావు దాటిన సర్కారు తుమ్మ మోడు మీదికి దీన్ని తీసుకెళ్లను, అది గొడ్డలి పని. పైగా తుమ్మ ముల్లు ముందు టైర్‌లోకి దిగితే ఆ రోజు పని అయిపోయినట్టే. తుంగ చావదు, గడ్డ నేలలో ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు కోసినా వారానికి మళ్లీ కనబడుతుంది. చెట్టు మొదలుకి దగ్గరగా రెండడుగులు ఎప్పుడూ కొడవలికే వదిలేస్తాను, బెరడుకి డెక్కు అంచు తగిలితే ఆ గాయంలోంచి బంక కారి తెగులు మొదలవుతుంది.

వయ్యారిభామ విషయంలో టైమింగే ముఖ్యం. పూత విచ్చక ముందే కోయాలి, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. కోశాక కింద మిగిలిన మొదలు నుంచి పక్క కొమ్మలు వచ్చి, ఈసారి మోకాలి ఎత్తులోనే పూస్తుంది. అందుకే నెల తిరక్కుండా రెండో కోత తప్పదు. మా తోటలో జులై చివర ఒకటి, ఆగస్టు చివర ఒకటి, మామిడి పూత రాకముందు నవంబర్‌లో ఒకటి వేస్తున్నాను. ఇలా కొన్నేళ్లు వరసగా పట్టు విడవకుండా కోశాక మధ్య సాళ్లలో ఎత్తు మొక్కలు పల్చబడి గరిక చాప కట్టింది. గరిక ఉంటే నాకు ఇష్టమే, మట్టిని పట్టుకుంటుంది, గేదెలకు పనికొస్తుంది. నవంబర్ కోత మానేస్తే మాత్రం ఎండాకాలం ఆ ఎండు కలుపంతా నిప్పుకి సిద్ధంగా ఉంటుంది. దారిన పోయేవాళ్ల బీడీ ముక్క చాలు.

ఇలాంటి పాత బండి కొనబోయేవాళ్లు పీటీవో గూటాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. వదులు ఎక్కువగా ఉంటే బేరింగ్ పోయినట్టు, స్లాషర్ వణుకుకి నెల తట్టుకోదు. లిఫ్ట్‌కి బరువు తగిలించి ఎత్తి, ఇంజన్ ఆపేసి పావుగంట చూడండి, కిందికి దిగిపోతుంటే బేరం ఆ మేరకు తగ్గించండి. పీటీవో మీద రేకు గార్డు ఊడిపోయిన బండ్లే ఎక్కువ దొరుకుతాయి, కొన్న రోజే అది వేయించండి. నడిపేటప్పుడు లుంగీ, పంచె, భుజం మీద తుండు వద్దు. ప్యాంటు వేసుకుని, కాళ్లకు బూట్లు తొడుక్కుని ఎక్కండి. దిగే ముందు పీటీవో న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపి, బ్లేడ్ల చప్పుడు పూర్తిగా ఆగాకే కాలు కింద పెట్టండి.